పారణ లేని ఉపవాసం

తిండి మానడాన్ని ఏదో ఒక రూపంలో గౌరవించని మతం దాదాపుగా లేదు. ఏకాదశి, కార్తిక సోమవారాలు, రంజాన్ రోజా, ఈస్టరుకు ముందు క్రైస్తవులు పాటించే నలభై దినాల ఉపవాసం, జైనుల పర్యుషణం, ఇవన్నీ ఆకలిని కొంతసేపు పక్కన పెట్టగలిగిన మనిషిని మెచ్చుకున్నవే, ఆ నిగ్రహంలో దైవానికి దగ్గరయ్యే దారి ఉందని నమ్మినవే. వైద్యశాస్త్రమేమో, అదే నిగ్రహం కొందరిలో వ్యాధిగా ముదిరి ప్రాణం తీయగలదని చెబుతుంది. అనొరెక్సియా నెర్వోజా అని పిలిచే ఆ వ్యాధి ఉన్నవారు ఒళ్ళు ఎముకల గూడుగా మారుతున్నా తినడానికి భయపడతారు, తిన్నందుకు తమను తాము దోషులుగా చూసుకుంటారు, తినకుండా గడిపిన ప్రతి పూటనూ ఒక గెలుపుగా లెక్కపెట్టుకుంటారు. మానసిక వ్యాధుల్లో మరణాలు అత్యధికంగా ఉన్నవాటిలో ఇదొకటి. పైకి చూస్తే వ్రతం పట్టిన మనిషికీ ఈ రోగికీ తేడా కనిపించదు: ఇద్దరూ కంచం ముందు నుంచి లేచిపోతారు, ఇద్దరూ బతిమాలినా వినరు, ఇద్దరికీ తాము చేస్తున్నది సరైనదనే నమ్మకం ఉంటుంది. అలాంటప్పుడు ఒకరిని భక్తులనీ ఇంకొకరిని రోగులనీ దేన్ని ఆధారం చేసుకుని అనాలి అన్నది వైద్యులకు మాత్రమే వదిలేయదగిన ప్రశ్న కాదు. దానికి సమాధానం ధర్మగ్రంథాల్లో ఎంత ఉందో, ఈ వ్యాధిగ్రస్తులు కలిసి కూర్చుని తినే గదుల్లోనూ అంతే ఉంది.

ఈ వ్యాధి నిన్న మొన్న పుట్టింది కాదు. 1689లోనే రిచర్డ్ మోర్టన్ అనే ఇంగ్లీషు వైద్యుడు, ఏ జ్వరమూ లేకుండా తిండి మీద విముఖతతో క్షీణించిపోయిన ఒక యువతిని గురించి రాశాడు. 1873, 74 ప్రాంతంలో పారిస్‌లో షార్ల్ లాసెగ్, లండన్‌లో విలియం గల్ దీన్ని ప్రత్యేక వ్యాధిగా గుర్తించారు, ఇప్పుడు వాడుకలో ఉన్న పేరు గల్ పెట్టిందే. అతిగా తిని, ఆ వెంటనే వాంతి చేసుకునో విరేచనాల మందు మింగో దాన్ని వదిలించుకునే బులీమియా నెర్వోజాను జెరాల్డ్ రస్సెల్ 1979లో వర్ణించాడు. అలా వదిలించుకునే ప్రయత్నం లేకుండా, అదుపు తప్పి తిని సిగ్గుతో కుంగిపోయే బింజ్ ఈటింగ్ డిజార్డర్‌కు అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ వారి వ్యాధి నిర్ధారణ గ్రంథంలో 2013లో స్వతంత్ర స్థానం దక్కింది. సన్నబడాలనే కోరికే అనొరెక్సియాకు మూలమని చాలాకాలం అనుకున్నారు గానీ, హాంకాంగ్‌లో సింగ్ లీ 1990ల్లో చేసిన పరిశీలనల్లో, లావవుతామనే భయమే లేకుండా కడుపు ఉబ్బరమనో ఆకలి లేదనో చెబుతూ ప్రాణం మీదికి తెచ్చుకున్న రోగులు కనిపించారు. తినకపోవడానికి చెప్పే కారణం దేశకాలాలను బట్టి మారుతుందన్నమాట. తెలుగు ఇళ్ళల్లో ఆ కారణం సోమవారమో శనివారమో తీర్చవలసిన మొక్కో అయినప్పుడు వ్యాధిని గుర్తుపట్టడం మరీ కష్టం, ఎందుకంటే బిడ్డ భక్తికి మురిసిపోతున్న ఇంటివారికి ఆ బిడ్డ చేతికి గాజులు వదులైపోవడం కాస్త ఆలస్యంగా కనిపిస్తుంది.

భక్తికీ వ్యాధికీ నడుమ గీత గీయడం ఎంత కష్టమో ఇటలీకి చెందిన సియెనా కాథరీన్ జీవితంలో తెలుస్తుంది. 1380లో, ముప్పై మూడేళ్ళ వయసులో మరణించిన ఈ భక్తురాలు ఏళ్ళ తరబడి దాదాపు ఏమీ తినలేదనీ, బలవంతాన కొంచెం మింగినా గొంతులోకి పుల్ల పెట్టుకుని కక్కేసేదనీ ఆమె గురువూ జీవితచరిత్రకారుడూ అయిన కాపువా రేమండ్ రాశాడు. చరిత్రకారుడు రుడాల్ఫ్ బెల్ 1985లో, ఆమెలోనూ ఆనాటి మరికొందరు పుణ్యస్త్రీలలోనూ నేటి అనొరెక్సియా మనస్తత్వమే ఉందని వాదించాడు. రెండేళ్ళ తర్వాత కారొలిన్ వాకర్ బైనమ్, ఆ స్త్రీలకు ఆహారమంటే క్రీస్తు శరీరమనీ, పేదలకు పెట్టే అన్నమనీ, దాన్ని నేటి రోగలక్షణాల పట్టికలోకి కుదించడం వారి కాలాన్ని వారి నుంచి లాగేసుకోవడమేననీ బదులిచ్చింది. ఈ వాదంలో బైనమ్ వైపే న్యాయం ఎక్కువ. అయినా కాథరీన్ విషయంలో ఇద్దరి సిద్ధాంతాలకన్నా ఎక్కువ చెప్పేది ఆమె రాసిన ఒక ఉత్తరం. తినడం విషయంలో తాను కూడా తోటి మనుషుల్లాగే బతికే వరం ఇమ్మని దేవుణ్ణి ప్రార్థిస్తున్నానని అందులో ఆమె చెప్పుకుంది. తినకపోవడం తన సంకల్పమని ఆమె గొప్పలు పోలేదు. అది తన చేతిలో లేదని ఒప్పుకుంది, బయటపడాలని కోరుకుంది.

సంకల్పం ఎవరిదన్నదే అసలు చిక్కు. నిష్ఠ ఎంత గట్టిగా ఉంటే అంత పవిత్రమని లోకం అనుకుంటుంది. ఈ వ్యాధిలో ఆ నిష్ఠే లక్షణం. జాసింటా టాన్, టోనీ హోప్, ఆన్ స్టీవార్ట్ అనే పరిశోధకులు 2003లో ప్రచురించిన పరిశీలనలో, అనొరెక్సియా ఉన్న యువతులు తమ వ్యాధిని గురించి వైద్యులు చెప్పినదంతా అర్థం చేసుకోగలిగారు, తర్కబద్ధంగా మాట్లాడగలిగారు, తినకపోతే చనిపోవచ్చని తెలుసనీ అన్నారు. మారిపోయిందల్లా వేటికి ఎంత విలువ ఇవ్వాలన్న తూకం. కొందరి తూకంలో బతకడం కన్నా బరువు పెరగకపోవడమే ఎక్కువగా తూగింది. భారతదేశంలో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, చికిత్సపై నిర్ణయం తీసుకోగల సామర్థ్యాన్ని కొలిచేందుకు సమాచారాన్ని అర్థం చేసుకోవడం, పర్యవసానాన్ని గ్రహించడం, నిర్ణయాన్ని తెలియజేయడం అనే గుర్తులు పెట్టుకుంది. ఈ రోగులు చాలామంది ఆ పరీక్షలో నెగ్గుతారు. చట్టం తెలివిని కొలవగలదు. తెలివి చెక్కుచెదరకుండా ఉండి విలువలు మాత్రమే తలకిందులైతే దాన్ని కొలిచే సాధనం దాని దగ్గర లేదు.

ఆ తలకిందులు కావడంలో ఆకలి పాత్ర ఎంతో 1944 నవంబరులో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో మొదలైన ఒక ప్రయోగం చూపించింది. మతవిశ్వాసం వల్లనో మనస్సాక్షి వల్లనో యుద్ధంలో ఆయుధం పట్టనన్న 36 మంది ఆరోగ్యవంతులైన యువకులు, యుద్ధానంతరం యూరప్‌లో పస్తులతో ఉన్నవారిని ఎలా తేర్చాలో తెలుసుకునేందుకు తమ శరీరాలను ఇచ్చారు. ఆన్సెల్ కీస్ అనే శరీరశాస్త్రవేత్త వారికి 24 వారాల పాటు రోజుకు సుమారు 1,570 కేలరీల ఆహారమే పెట్టి, బరువులో దాదాపు నాలుగో వంతు తగ్గించాడు. అంత ఉన్నతమైన ఆశయంతో వచ్చిన ఆ యువకులు కొన్ని నెలల్లో వంటల పుస్తకాలు కూడబెట్టడం, గుప్పెడు తిండిని గంటల తరబడి సాగదీసి తినడం, పళ్ళేలు నాకడం, స్నేహితులకు దూరంగా మూగగా కూర్చోవడం మొదలుపెట్టారు. ఆలోచన తిండి చుట్టూ తప్ప మరోచోట నిలవలేదు. వీరిలో ఎవరికీ అంతకుముందు ఈ వ్యాధి లేదు. ఆకలి తనంతట తానే మనసును మార్చేస్తుందనీ, అందువల్ల కృశించిన మనిషి నోట వచ్చే దృఢమైన మాటలో ఎంత పాలు మనిషిదో ఎంత పాలు ఆకలిదో విడదీయడం కష్టమనీ ఇక్కడ తేలుతుంది. భగవద్గీత ఆరో అధ్యాయం అతిగా తినేవాడికీ అసలు తిననివాడికీ యోగం కుదరదని చెప్పడంలో నీతిబోధ కన్నా ఈ పరిశీలనే ఎక్కువ ఉన్నట్టు తోస్తుంది.

నిగ్రహాన్ని కొలిచో, ఆశయాన్ని చూసో గీత గీయలేమని తేలాక మిగిలిన దారి, ఉపవాసం ఎలా ముగుస్తుందో చూడటం. భాగవతం నవమ స్కంధంలోని అంబరీషోపాఖ్యానం తెలుగువారికి సుదర్శన చక్రం కథగా గుర్తుంటుంది గానీ, దాని ఇరుసు పారణ, అంటే ఉపవాసాన్ని విధి ప్రకారం ముగిస్తూ చేసే భోజనం. ఏడాది పాటు ద్వాదశీ వ్రతం చేసిన అంబరీషుడు చివర మూడు రాత్రులు పస్తుండి, పారణకు సిద్ధపడినప్పుడు దుర్వాసుడు అతిథిగా వచ్చి, స్నానానికని యమునకు వెళ్ళి ఎంతకూ రాడు. ద్వాదశి గడియలు దాటిపోతే వ్రతం భంగమవుతుంది. అతిథి కన్నా ముందు తింటే ధర్మం తప్పుతుంది. రాజు తనంతట తాను నిర్ణయించుకోకుండా బ్రాహ్మణులను అడుగుతాడు. నీళ్ళు తాగితే తిన్నట్టూ అవుతుంది, తిననట్టూ అవుతుందని వారు చెప్పిన మాట మీద గుక్కెడు నీళ్ళు తాగుతాడు. ఆ తర్వాత కోపించిన ముని చక్రం తరుముతుండగా లోకాలన్నీ తిరిగి వచ్చేదాకా రాజు ఆహారం ముట్టడు, ఆయనకు పెట్టాకే తాను తింటాడు. ఈ కథలో పస్తు ఎప్పుడు ముగియాలో పస్తున్నవాడు ఒక్కడే నిర్ణయించడు. తిథి, పెద్దలు, అతిథి, అందరికీ అందులో పాత్ర ఉంది. తినకపోవడం ఎంత వ్రతమో వేళకు తినడమూ అంతే వ్రతం. కార్తికంలో ఉపవాసాలూ వనభోజనాలూ ఒకే నెలలో ఉండటం, రోజా విడిచే ఇఫ్తారుకు పదిమందినీ పిలవడం, రోగులకూ పిల్లలకూ దాదాపు ప్రతి సంప్రదాయమూ ఉపవాసం నుంచి మినహాయింపు ఇవ్వడం ఈ దృష్టి నుంచే వచ్చాయి. అనొరెక్సియా ఉన్నవారి పస్తుకు ద్వాదశి రాదు. ఇక చాలు, తిను అనే అధికారం ఎవరికీ మిగల్చకుండా ఆ వ్యాధి అన్ని తలుపులూ మూసేస్తుంది.

దీనికి రెండు అభ్యంతరాలు రావచ్చు. ఆమరణ నిరాహార దీక్ష అందులో ఒకటి. ప్రత్యేకాంధ్ర రాష్ట్రం కోసం 1952 అక్టోబరు 19న మద్రాసులో దీక్ష మొదలుపెట్టి 58వ రోజున, డిసెంబరు 15న, అసువులు బాసిన పొట్టి శ్రీరాములు పస్తుకు పారణ లేదనడం కుదరదు. ఆయన పారణ ప్రభుత్వం చేతిలో ఉంది. అది సకాలంలో రాలేదు. ఆ పస్తు మొదటి రోజు నుంచి ఇతరులతో మాట్లాడుతూనే ఉంది. రెండోది జైనుల సల్లేఖన, అంటే మరణం సమీపించినప్పుడు క్రమంగా ఆహారం తగ్గించి శరీరాన్ని విడిచే వ్రతం. 2015 ఆగస్టులో రాజస్థాన్ హైకోర్టు దీన్ని ఆత్మహత్యతో సమానంగా చూస్తూ తీర్పు ఇవ్వగా, అదే నెల చివర సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలిపివేసింది. సల్లేఖనకు పారణ నిజంగానే లేదు, కాబట్టి పై సూత్రాన్ని కొంత సవరించుకోవాలి: అందులోనూ గురువు అనుమతి కావాలి, యోగ్యతను పరీక్షిస్తారు, అది సంఘం కళ్ళెదుట జరుగుతుంది, రహస్యంగా జరిగేది సల్లేఖన అనిపించుకోదు. ముగింపు ఉందా లేదా అన్నదానికన్నా, పస్తున్న మనిషి ఇంకా ఎవరికైనా జవాబుదారీగా ఉందా లేదా అన్నదే లోతైన తేడా.

చికిత్స చేయవలసింది ఆ జవాబుదారీ బంధాన్ని తిరిగి కట్టడం. ఎలా కట్టాలన్న దగ్గర శ్రీవైష్ణవంలోని పాత చర్చ ఒకటి అక్కరకు వస్తుంది. భగవంతుడు రక్షించడానికి జీవుడి ప్రయత్నం ఎంత ఉండాలన్న ప్రశ్నకు వేదాంత దేశికుల సంప్రదాయం తల్లిని తానే పట్టుకునే కోతిపిల్లను చూపితే, పిళ్ళై లోకాచార్యుల సంప్రదాయం తల్లి నోట కరుచుకుని మోసే పిల్లిపిల్లను చూపింది. మర్కట కిశోర న్యాయం, మార్జాల కిశోర న్యాయం అని వీటికి పేర్లు. లండన్ మాడ్స్‌లీ ఆస్పత్రిలో 1980ల్లో రూపుదిద్దుకున్న కుటుంబ చికిత్స, పిల్లలకు ఏం పెట్టాలో ఎంత పెట్టాలో కొంతకాలం తల్లిదండ్రులే నిర్ణయించేలా చేస్తుంది. అది మార్జాల మార్గం, పంతొమ్మిదేళ్ళ లోపే వ్యాధి మొదలై, అది ఇంకా పాతబడని రోగుల్లో అది బాగా పనిచేసిందని 1987లో వెలువడిన మొదటి అధ్యయనమే చూపింది. మిన్నెసోటా ఫలితాలను బట్టి చూస్తే ఇందులో న్యాయముంది: ఆకలితో ఆలోచన ఇరుకైపోయిన మనిషిని నీ బలంతో నువ్వే పట్టుకో అనడం క్రూరత్వం. కానీ ఎవరినీ జీవితకాలం నోట కరుచుకుని మోయలేరు. ఒళ్ళు కొంత కోలుకున్నాక పట్టు నేర్చుకోవలసిన ఘట్టం వస్తుంది, బృంద చికిత్స అక్కడ మొదలవుతుంది. తీవ్రంగా కృశించినవారికి అదొక్కటే సరిపోదు. బులీమియాలోనూ బింజ్ ఈటింగ్‌లోనూ మాత్రం అది ప్రధాన చికిత్సల్లో ఒకటిగా నిలబడగలిగింది.

బృంద చికిత్స, లేదా గ్రూప్ థెరపీ, అంటే ఒకే రకమైన బాధ ఉన్న కొద్దిమంది, శిక్షణ పొందిన చికిత్సకుల సమక్షంలో క్రమం తప్పకుండా కలుసుకుని మాట్లాడుకునే పద్ధతి. 1905లో బోస్టన్ వైద్యుడు జోసెఫ్ ప్రాట్ పేద క్షయ రోగులను వారానికొకసారి ఒకచోట కూర్చోబెట్టడంతో దీని చరిత్ర మొదలవుతుందని చెబుతారు. 1970లో వచ్చిన తన గ్రంథంలో ఇర్విన్ యాలమ్ దీని ఫలితాలకు కారణాలు వివరిస్తూ, ఈ బాధ నా ఒక్కరిదే కాదన్న ఎరుకకూ, ఇతరులకు ఉపయోగపడటంలో కలిగే మేలుకూ పెద్ద స్థానమిచ్చాడు. ఆహార రుగ్మతల బృందానికి ఒక ప్రత్యేకత ఉంది: మాటలతో పాటు భోజనం కూడా చికిత్సలో భాగం. బరువు అంకెలూ కేలరీల లెక్కలూ అక్కడ ఎవరూ పలకకూడదు, ఎందుకంటే ఒకరి అంకె ఇంకొకరికి పందెమవుతుంది. బల్ల మీద ఇడ్లీని గోరంత ముక్కలు చేసి అంచున పేర్చడం, పెరుగన్నాన్ని కంచం నిండా పలచగా పరిచి తిన్నట్టు కనిపించేలా చేయడం, ముద్దముద్దకూ గ్లాసెడు నీళ్ళు తాగడం, ఇవన్నీ ఇంట్లో అమ్మ కళ్ళు గప్పగలిగినవే. ఇక్కడ ఎదుట కూర్చున్న మనిషి నిన్నటిదాకా అవే చేసింది కాబట్టి ఆమె కంటబడతాయి. ఆమె మందలించదు, పర్యవేక్షకురాలిలా రాసుకోదు. తన ముద్ద తాను కలుపుకుని తింటుంది. భోజనమయ్యాక ఎవరూ లేచి బాత్రూముకు పోకుండా అందరూ కొంతసేపు కలిసి కూర్చుంటారు. పారణ వేళ వచ్చిందని చెప్పే పెద్దల పని ఈ బల్ల దగ్గర, అంతే బలహీనమైన సాటి మనుషులు చేస్తారు.

ఈ బంధానికి దేవుడు అవసరమా? అవసరమనే చెప్పిన ఉద్యమం ఒకటుంది. 1935లో ఓహాయోలోని ఆక్రన్‌లో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్ నమూనాలో, 1960లో లాస్ ఏంజెలెస్‌లో రోజాన్ ఎస్. అనే స్త్రీ మరి ఇద్దరితో కలిసి ఓవర్‌ఈటర్స్ అనానిమస్ స్థాపించింది. తిండి ముందు తాము అశక్తులమని ఒప్పుకోవడం, తమకన్నా గొప్ప శక్తి ఒకటి తమను బాగుచేయగలదని నమ్మి దానికి తమను అప్పగించుకోవడం వారి పన్నెండు మెట్లలో మొదటివి. మాతృసంస్థ స్థాపకుల్లో ఒకరైన బిల్ విల్సన్‌పై, మతానుభవాల మీద 1902లో విలియం జేమ్స్ వెలువరించిన గ్రంథం ప్రభావం గట్టిది. మనిషి పూర్తిగా ఓడిపోయానని ఒప్పుకున్న చోటే మార్పు మొదలవుతుందన్న భావం అక్కడ దొరికింది. ఆ శక్తిని ఎవరికి తోచినట్టు వారు అర్థం చేసుకోవచ్చు, నాస్తికులు బృందాన్నే ఆ శక్తిగా తీసుకోవచ్చు. అతిగా తినడంతో పోరాడి అలసిపోయినవారికి ఈ శరణాగతి ఎంత ఊరటో ఊహించవచ్చు. చిక్కు ఏమిటంటే, మద్యాన్ని పూర్తిగా మానవచ్చు గానీ అన్నాన్ని మానలేరు. మానడమనే మాటే అనొరెక్సియా ఉన్నవారి చెవిన పడితే ఇప్పటికే మోస్తున్న కఠిన నియమాలకు మరో నియమం తోడవుతుంది. వారు ఓడిపోయానని ఒప్పుకోవలసింది తిండి ముందు కాదు, తిండిని శాసించే తమ లోపలి అధికారం ముందు. శరణాగతి మాట ఒకటే అయినా విడిచిపెట్టవలసినది ఇద్దరికీ వేరు, ఈ తేడా గమనించకుండా అందరికీ ఒకే మెట్లు చూపడం తప్పు.

బృందం ఎప్పుడూ మేలే చేస్తుందనడానికీ లేదు. ఉరువేలలో ఏళ్ళ తరబడి ఘోర తపస్సు చేసి అస్థిపంజరమైన సిద్ధార్థుడు, అది దారి కాదని గ్రహించి సుజాత పెట్టిన పాయసం తిన్నాడని బౌద్ధ సంప్రదాయం చెబుతుంది. కౌండిన్యుడు మొదలైన అయిదుగురు సహచరులు అది చూసి, ఇతడు భోగానికి లొంగిపోయాడని అసహ్యించుకుని వదిలి వెళ్ళిపోయారు. వారు చెడ్డవారు కారు. అన్నేళ్ళు ఆయన పస్తును ఎవరి గౌరవం నిలబెట్టిందో వారు ఆయన తినగానే ఆ గౌరవాన్ని వెనక్కి తీసుకున్నారు, అంతే. పస్తును మెచ్చుకునే ఇలాంటి చిన్న సంఘాలు నేడూ ఉన్నాయి: కృశించడాన్నే జీవనశైలిగా చాటుతూ ఒకరినొకరు ఉత్సాహపరుచుకునే వ్యాధిగ్రస్తుల బృందాలు ఇంటర్నెట్‌లో పెరిగాయి, ఆస్పత్రి వార్డుల్లో సైతం ఎవరు ఎక్కువ తగ్గారన్న మౌనమైన పోటీ నడుస్తుంది, తిండి దాచే కిటుకులు ఒకరి నుంచి ఒకరికి పాకుతాయి. ఇక్కడా జవాబుదారీ ఉంది, కాకపోతే అది మరణం వైపు. బంధం ఉంటే చాలదు, ఆ బంధం తినే మనిషిని వెలివేయనిదై ఉండాలి. తిన్న సిద్ధార్థుణ్ణి విడిచి వెళ్ళిన ఆ అయిదుగురే తర్వాత సారనాథ్‌లో బుద్ధుడి తొలి శ్రోతలు, తొలి సంఘం అయ్యారు. ఆ సంఘంలో భిక్షువు తన తిండిని తాను ఎంచుకోడు, ఇతరులు భిక్షాపాత్రలో వేసినది మధ్యాహ్నం లోపు తింటాడు.

కోలుకున్నవారు బృందాన్ని వెంటనే వదిలిపోకపోవడం చికిత్సకులు తరచూ గమనించేదే, దానికి కృతజ్ఞత ఒక్కటే కారణం కాదు. ఈ వ్యాధి తర్కమంతా, అందరూ తినవచ్చు, నాకు మాత్రం అర్హత లేదు అనే మినహాయింపు మీద నిలబడి ఉంటుంది. తన విషయంలో ఆ మినహాయింపును వంద వాదనలతో కాపాడుకునే మనిషి, కొత్తగా వచ్చిన పద్దెనిమిదేళ్ళ అమ్మాయి అదే మాట అన్నప్పుడు ఒప్పుకోలేదు. నువ్వు ఆకలితో ఉన్నావు, తినడం నీ హక్కు అని ఆమెకు తడుముకోకుండా చెబుతుంది. అప్పుడు పక్కనున్న ఎవరో, మరి నీ సంగతేమిటని అడుగుతారు. ఆ ప్రశ్నకు ఆమె దగ్గర ఆ రోజు సమాధానం లేకపోవచ్చు, మర్నాడు కంచంలో సగం మిగలవచ్చు కూడా. అయినా తనకొక ధర్మమూ తోటివారికొక ధర్మమూ ఉండటాన్ని ఆమె మొదటిసారి తన నోటితో తానే పదిమందిలో బయటపెట్టింది, దాన్ని విన్నవారు రేపు మళ్ళీ అదే బల్ల దగ్గరికి వస్తారు.